కర్పూరం కరుగుతుందా, కరగదా? పాపకు మార్కు పోయింది, ఇంట్లో పంచాయితీ

బైరాగిపట్టెడ_అమ్మ | శుక్రవారం, రాత్రి 8:52

సాయంత్రం హారతి ఇస్తుంటే మా పాప పళ్ళెం పట్టుకుని వదల్లేదు. తొమ్మిదో తరగతి చదువుతోంది. "అమ్మా, మంట కింద చూడు, నీళ్ళు!" అంటుంది. వంగి చూశాను. నిజమే. కర్పూరం బిళ్ళ అడుగున గాజులా మెరుస్తూ ఏదో ద్రవం. బిళ్ళ అందులో అటూ ఇటూ కాస్త జారుతోంది కూడా. పెళ్ళయి పదహారేళ్ళు, రోజూ హారతి ఇస్తూనే ఉన్నా, ఒక్కనాడూ గమనించలేదు.

ఇప్పుడు ఇదెందుకంటే, మొన్న యూనిట్ టెస్టులో కర్పూరం గురించి రాసిన జవాబుకి పాపకి సున్నా వేశారు. కర్పూరం ఘనం నుంచి నేరుగా వాయువు అవుతుంది, దానికి ద్రవస్థితి లేదు అని క్లాసులో చెప్పారట. ఇదేమో కరుగుతుందని రాసింది. వాళ్ళ నాన్న "పుస్తకంలో ఉన్నది రాయక నీకెందుకు?" అని ఒకటే కేకలు. పాప అన్నం తినకుండా పడుకుంది.

పళ్ళెంలో నేను కళ్ళారా చూసిన ఆ ద్రవం ఏమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి. సోమవారం స్కూలుకి వెళ్ళి అడగాలా వద్దా అన్నది కూడా దాన్నిబట్టే.

కాణిపాకం_కుర్రోడు | శుక్రవారం, రాత్రి 9:05

అక్కా, అది మైనం. ఇప్పుడొచ్చే బిళ్ళల్లో సగం కల్తీనే. కరిగింది మైనం, మీరు కర్పూరం అనుకున్నారు. మంచి కర్పూరం ఒక్క చుక్క మిగలకుండా పోతుంది. టెన్షన్ పడకండి, దుకాణం మార్చండి.

గంటకొట్టినసారు | శుక్రవారం, రాత్రి 9:31

ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పి చిత్తూరులో రిటైరయినవాణ్ణి. టీచరు తప్పు చెప్పలేదమ్మా. ఉత్పతనం అంటే ఘనపదార్థం ద్రవం కాకుండానే వాయువుగా మారడం. దానికి కర్పూరం, నాఫ్తలీన్, అయోడిన్, అమ్మోనియం క్లోరైడ్ అని తరతరాలుగా చెబుతున్నాం. పింగాణీ గిన్నెలో కర్పూరం పొడి, పైన బోర్లించిన గరాటు, గరాటు మూతికి దూది. కింద సన్నగా వేడి చేస్తే లోపలి గోడలకి తెల్లగా మళ్ళీ కర్పూరమే అంటుకుంటుంది. ఈ ప్రయోగం నేను కొన్ని వందల సార్లు చేసి చూపించాను. గిన్నెలో ద్రవం ఏనాడూ కనబడలేదు.

కల్తీ సంగతి మన కుర్రవాడు చెప్పినట్టే అయివుండచ్చు.

ల్యాబ్_కోటు | శుక్రవారం, రాత్రి 10:14

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చేసి, ఇప్పుడు రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తుంటాను. సారూ, మీ ప్రయోగం నిజం. పాప చూసిందీ నిజమే. ఎవరి కళ్ళూ మోసం చెయ్యలేదు.

కర్పూరానికి ద్రవీభవన స్థానం ఉంది. 177 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 200 దాటాక మరుగుతుంది. ఆ రెంటి మధ్యా అది చక్కటి ద్రవమే. మీరు గరాటు ప్రయోగంలో సన్న సెగ పెడతారు, గిన్నె ఎప్పుడూ 177 చేరదు. అందుకని ఘనం నుంచి నేరుగా ఆవిరి వస్తుంది. హారతి పళ్ళెంలో మంట బిళ్ళ మీదే కూర్చుంటుంది. మంటకి ఆనుకున్నచోట వేడి 177 దాటడం ఎంతసేపు?

మంటలో కాలేది కూడా బిళ్ళ కాదు, బిళ్ళ నుంచి లేచిన ఆవిరి. అది కాలి పొగ, మసి, కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. అది స్థితి మార్పు కాదు, రసాయన మార్పు, మళ్ళీ వెనక్కి రాదు. అంటే ఆ చిన్న పళ్ళెంలో కరగడం, ఆవిరవడం, కాలడం మూడూ ఒకేసారి జరుగుతుంటాయి. అందుకే ఈ గందరగోళం.

కాణిపాకం_కుర్రోడు | శుక్రవారం, రాత్రి 10:22

177 కావాలంటే మరి మా ఇంట్లో డబ్బాలో పెట్టిన కర్పూరం ఎట్లా మాయమైపోతాంది అన్నా? డబ్బాకి ఎవరూ మంట పెట్టలేదే!

ల్యాబ్_కోటు | శుక్రవారం, రాత్రి 10:40

మంచి ప్రశ్న. దండెం మీద తడి తువ్వాలు ఆరడానికి నీళ్ళు 100 డిగ్రీలకి రావాలా? అక్కర్లేదు కదా. మరగకుండానే పైపొర నుంచి అణువులు ఒక్కొక్కటే లేచిపోతాయి, దాన్నే ఇగరడం అంటాం. నీళ్ళల్లో అణువులు జారుతూ ఉంటాయి కాబట్టి లేవడం తేలిక. ఘనపదార్థంలో వరసగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, చాలావాటికి ఆ పట్టు గట్టిది. ఇనప మేకు నుంచి వాసన రాదు చూడండి. కర్పూరంలో అణువుకి అణువుకి మధ్య పట్టు బలహీనం. మామూలు గది వేడికే పైపొర అణువులు గాల్లోకి పోతుంటాయి. మన ముక్కుకి తెలిసే వాసన ఆ అణువులే.

డబ్బా మూత బిగుతుగా ఉంటే కాసేపటికి లోపల గాలి కర్పూరం ఆవిరితో నిండిపోతుంది. పోయేవి ఎన్నో, తిరిగి వచ్చి అంటుకునేవీ అన్నే. అప్పుడు బిళ్ళ తగ్గదు. మూత వదులైతే మాత్రం పోయింది పోయినట్టే.

బైరాగిపట్టెడ_అమ్మ | శుక్రవారం, రాత్రి 10:47

మా అత్తగారు డబ్బాలో నాలుగు మిరియాలు వేస్తారు, హరించిపోదంటారు.

ల్యాబ్_కోటు | శుక్రవారం, రాత్రి 10:51

వెయ్యండి, వద్దనను. మూత మాత్రం గట్టిగా పెట్టండి.

పొగల_ఇడ్లీ | శనివారం, ఉదయం 11:20

ఇప్పుడే పొద్దున గిరాకీ అయిపోయి కూర్చున్నా. తిరుపతి లీలామహల్ దగ్గర చిన్న టిఫిన్ సెంటర్ మాది. ఈ పోస్టులన్నీ చదివాక నాకు ఒకటి అర్థమైంది, ఒకటి కాలేదు.

పెద్ద సిలిండర్, 19 కేజీలది. తెల్లవారుజామున నాలుగింటికి మూడు పొయ్యిలూ ఫుల్లుగా పెడతాం. ఆరయ్యేసరికి సిలిండర్ కింది సగం చెమట పట్టి నీళ్ళు కారతాంటాయి. చెయ్యి పెడితే ఐసులా జివ్వుమంటుంది. పక్కనే పొయ్యి భగభగ మండుతుంటే సిలిండర్ చల్లబడటం ఏంది సామీ?

గంటకొట్టినసారు | శనివారం, మధ్యాహ్నం 12:05

ఇది నేను చెబుతాను. సిలిండర్‌లో ఉన్నది ఒత్తిడి మీద ద్రవంగా అణిచిపెట్టిన ప్రొపేన్, బ్యూటేన్‌లు. మామూలు గాలి ఒత్తిడిలో ప్రొపేన్ సున్నాకి దిగువన 42 డిగ్రీలకే మరుగుతుంది, బ్యూటేన్ సున్నాకి ఇంచుమించు దగ్గరలో. నువ్వు పొయ్యి తిప్పగానే పైన గ్యాసు తగ్గి, కింద ద్రవం మరగడం మొదలుపెడుతుంది. మరగాలంటే వేడి కావాలి. ఆ వేడిని తన నుంచీ, ఇనప గోడ నుంచీ, చుట్టూ గాలి నుంచీ లాక్కుంటుంది. దాన్నే బాష్పీభవన గుప్తోష్ణం అంటాం. థర్మామీటరుకి కనబడకుండా దాగిపోయే వేడి కాబట్టి గుప్తం. గోడ చల్లబడితే గాల్లో తేమ వచ్చి దాని మీద నీరుగా మారుతుంది. చెమట ఎక్కడిదాకా పట్టిందో లోపల ద్రవం ఇంచుమించు అక్కడిదాకా ఉన్నట్టు.

నీ ఇడ్లీ పాత్రలోనూ ఇదే లెక్క, తిరగేసి. గ్రాము నీటిని 30 నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 70 కేలరీలు చాలు. అదే గ్రాము 100 దగ్గరే నిలబడి ఆవిరిగా మారడానికి ఇంకో 540 కావాలి. ఆ ఆవిరి ఇడ్లీ మీద నీరుగా మారేటప్పుడు ఆ 540ని అక్కడే వదిలేస్తుంది. ఆవిరి కొడితే మరిగే నీళ్ళకంటే ఎక్కువ బొబ్బలెక్కేది అందుకే.

పొగల_ఇడ్లీ | శనివారం, మధ్యాహ్నం 12:18

సారూ, దండం. నా కుడిచేతి మీద మచ్చకి ఇన్నాళ్ళకి లెక్క దొరికింది.

కొండకింద_ఇల్లు | శనివారం, మధ్యాహ్నం 1:02

ఆవిరి మాట వచ్చింది కాబట్టి. తిరుమలలో అన్నప్రసాదం వంటకి 2002లో సూర్యరశ్మితో ఆవిరి తయారుచేసే ఏర్పాటు పెట్టారు. 106 పెద్ద పుటాకార అద్దాలు, 180 డిగ్రీల ఆవిరి, రోజుకి పదిహేను వేల మందికి వంట అన్న లెక్కతో. మంట వంటింట్లో కాకుండా మిద్దె మీద ఎండలో ఉండేదన్నమాట. వేడిని అక్కడి నుంచి వంట పాత్రల దాకా మోసుకొచ్చేది ఆవిరే.

ఇంకొకటి. కొండ మీద నీళ్ళు 100కి మరగవు. తిరుమల 850 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ప్రతి 300 మీటర్లకీ దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి పైన నీళ్ళు సుమారు 97కే తెర్లుతాయి. మూత లేని గిన్నెలో పప్పు పెడితే కొంచెం ఎక్కువసేపు పడుతుంది. కుక్కరుకి ఆ బాధ లేదు, లోపల ఒత్తిడి పెంచి 120 దాకా తీసుకుపోతుంది.

చెరుకుతోట_పూతలపట్టు | శనివారం, సాయంత్రం 6:40

మాకు కుక్కరూ లేదు, ఒత్తిడీ లేదు. తెరిచిన పెనంలోనే 118 దాకా తీసుకుపోతాం. బెల్లం వండేవాళ్ళం మేము.

రసంలో నూటికి ఎనభై పాళ్ళు నీళ్ళే. పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోస్తూ, కాస్త సున్నం నీళ్ళు పోసి, పైకి తేలిన మడ్డి తీస్తూ పోవాల. మొదటి గంటన్నర ఎంత మంట పెట్టినా వేడి 100కి అటూ ఇటూ కదలదు, అంతా నీళ్ళు తోలడానికే సరిపోతాది. నురగ పొంగి పెనం దాటేటట్టుంటే ఒక చుక్క ఆముదం. ఆ తర్వాత నీళ్ళు తగ్గి పాకం చిక్కబడేకొద్దీ వేడి ఎగబాకుతుంది. 105, 110. బుడగలు మారిపోతాయి. మొదట్లో చిన్న చిన్నవి టపటపమని పగిలేవి, ఇప్పుడు పెద్దవి, బద్ధకంగా లేచి తప్ అని కూలిపోతాయి. మా నాయన ఆ చప్పుడు విని లేచొచ్చేవాడు, థర్మామీటరు ఎరగడు. గరిటెతో కాస్త తీసి చన్నీళ్ళలో వేస్తే వేళ్ళ మధ్య ఉండ కట్టాల. కట్టిందా, దించెయ్యాల. అప్పుడు చూస్తే 118. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే మాడు వాసన, రంగు నల్లన, మార్కెట్లో రేటు సగం.

మరి నాదొక సందేహం. నీళ్ళు 100కి మరిగితే, పాకం 118కి ఎట్లా మరుగుతాంది? అది కూడా పెనం మూత లేకుండా?

ల్యాబ్_కోటు | శనివారం, రాత్రి 8:15

అన్నా, మీ పోస్టు చదువుతుంటే బెల్లం వాసన వచ్చింది.

నీళ్ళల్లో చక్కెర కలిస్తే పైపొరలో కొంత చోటు చక్కెర అణువులు ఆక్రమిస్తాయి. అవి ఆవిరి కావు, పైగా నీటి అణువుల్ని పట్టి ఉంచుతాయి. కాబట్టి నీళ్ళు తప్పించుకుపోవాలంటే ఎక్కువ వేడి కావాలి. పాకం చిక్కబడేకొద్దీ మరిగే స్థానం పైకి పోతుంది. కుక్కరు పైనుంచి ఒత్తి చేసే పనిని మీ పెనంలో చక్కెర లోపలినుంచి చేస్తోంది. 118 అంటే లోపల నీళ్ళు చాలా కొద్దిగా మిగిలాయని అర్థం. తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని మన ఆడవాళ్ళు చెప్పేవి నిజానికి ఉష్ణోగ్రతలే.

మాడిన తర్వాత మాత్రం అది వేరే కథ. చక్కెర అణువే విరిగిపోతుంది. నీళ్ళు పోసి ఎంత కలిపినా మళ్ళీ రసం కాదు.

కళాయి_మనవడు | ఆదివారం, ఉదయం 7:50

సారు మొదటి పోస్టులో అమ్మోనియం క్లోరైడ్ అన్నారు. అదేనా నవాసాగరం? అయితే దాని గురించి నాకు పుస్తకం కంటే ఎక్కువ తెలుసు.

మా తాత చిత్తూరులో వీధులు తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. నేలలో గుంట, బొగ్గులు, తోలుతిత్తి. తిత్తి ఊదడం నా పని. గిన్నె కాలగానే తాత దూది ఉండతో నవాసాగరం పొడి అద్ది లోపల ఒక్క తుడుపు తుడిచేవాడు. గుప్పుమని తెల్లపొగ లేచేది, ముక్కు మంట, కళ్ళెంట నీళ్ళు. ఆ పొగలోనే తగరం ముక్క తాకించేవాడు. తాకించగానే అది వెండి నీళ్ళలా కారిపోయేది. దూదితో గిర్రున తిప్పితే గిన్నె లోపలంతా తెల్లగా అద్దం. నవాసాగరం మాత్రం ఎప్పుడూ ద్రవం అవడం చూళ్ళేదు. పొడి, ఆ వెంటనే పొగ, అంతే.

ల్యాబ్_కోటు | ఆదివారం, ఉదయం 9:10

అవును, నవాసాగరమే. దాన్ని ఉత్పతనం జాబితాలో రాస్తాం గానీ, లోపల జరిగేది వేరు. వేడికి అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అని రెండు వాయువులుగా విడిపోతుంది. కాస్త పైకి పోయి చల్లబడగానే రెండూ మళ్ళీ కలిసి నవాసాగరం అవుతాయి. మీ తెల్లపొగ అదే, సన్నటి ఘన రేణువులు. మీ ముక్కు మండించింది ఆ విడిపోయిన వాయువులు. ఇత్తడి మీద చిలుము కొరికి లోహాన్ని శుభ్రం చేసేది కూడా హైడ్రోజన్ క్లోరైడే. లేకపోతే తగరం అంటదు. తగరం 232 డిగ్రీలకి కరుగుతుంది, ఇత్తడికి 900 దాటాలి. అందుకే గిన్నె చెక్కుచెదరదు.

అయోడిన్ కూడా కర్పూరంలాగే సారూ, 114 దగ్గర కరుగుతుంది. మన ఒత్తిడిలో ద్రవం కానే కానిది చూడాలంటే కార్బన్ డయాక్సైడ్‌ని చూపించాలి. దాని గడ్డనే పొడి మంచు అంటాం, అది సున్నాకి దిగువన 78 డిగ్రీల దగ్గర నేరుగా వాయువైపోతుంది. దాన్ని ద్రవంగా చూడాలంటే మన గాలికి అయిదు రెట్ల పైన ఒత్తిడి కావాలి. ఆఫీసుల్లో నల్ల కొమ్ము ఉన్న మంటలార్పే సిలిండర్ ఉంటుందే, దాని లోపల ఉన్నది అట్లా ఒత్తిడి మీద ద్రవమైన కార్బన్ డయాక్సైడే.

కర్పూరానికి ద్రవస్థితి లేదనుకుంటే ఒక పాత లెక్క అడ్డొస్తుంది. 1922లో కార్ల్ రాస్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అణుభారం కట్టడానికి ఒక పద్ధతి చెప్పాడు. తెలియని పదార్థాన్ని కాస్త తీసుకుని కర్పూరంతో కలిపి కరిగిస్తారు. కర్పూరం ద్రవీభవన స్థానం ఎంత దిగిందో చూసి అణుభారం లెక్కకడతారు. నీళ్ళల్లో కలిపితే గడ్డకట్టే స్థానం దిగేదానికంటే ఇరవై రెట్ల దాకా ఎక్కువ దిగుతుంది, కాబట్టి మామూలు థర్మామీటరు చాలు. మా రోజుల్లో సన్నటి గాజు గొట్టంలో కర్పూరం పెట్టి రెండు కొసలూ మూసేసేవాళ్ళం. మూయకపోతే కరిగేలోపే ఆవిరైపోతుంది కదా.

గంటకొట్టినసారు | ఆదివారం, ఉదయం 9:48

రాస్ట్ పద్ధతి! బీయస్సీలో చదివి మరిచిపోయాను. ఇన్నేళ్ళూ "ద్రవస్థితి లేదు" అని బోర్డు మీద రాశాను. "ద్రవం కాకుండానే మారగలదు" అని రాయాల్సింది. ఒక్క మాటే తేడా.

అమ్మా, పాప ప్రశ్నా జవాబూ ఉన్నదున్నట్టు పెట్టండి. అవి చూడకుండా టీచరుని అనలేను.

బైరాగిపట్టెడ_అమ్మ | ఆదివారం, ఉదయం 10:30

ఇదిగో. ప్రశ్న: "ఉత్పతనం అనగానేమి? ఒక ఉదాహరణ ఇవ్వండి." పాప నిర్వచనం సరిగ్గా రాసింది. కింద రాసింది: "ఉదాహరణ కర్పూరం అంటారు కానీ కర్పూరం ఉత్పతనం చెందదు, కరుగుతుంది." రెండు మార్కుల ప్రశ్న, సున్నా.

గంటకొట్టినసారు | ఆదివారం, ఉదయం 10:44

నేనైతే నిర్వచనానికి ఒకటి వేసేవాణ్ణి. రెండోది మీ అమ్మాయికీ రాదు తల్లీ. కరుగుతుంది అన్నది నిజం, ఉత్పతనం చెందదు అన్నది తప్పు. డబ్బాలో తగ్గేది ఉత్పతనమే కదా. మా వాక్యం ఒకవైపు అతిగా పోతే, పాపది రెండోవైపు అతిగా పోయింది.

కాణిపాకం_కుర్రోడు | ఆదివారం, ఉదయం 11:00

అంతా బాగుంది గానీ, ఆ పళ్ళెంలోది మైనం కాదని ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. నేనింకా మైనం మీదే ఉన్నా.

ల్యాబ్_కోటు | ఆదివారం, ఉదయం 11:12

దానికి ల్యాబ్ అక్కర్లేదు. ఈ సాయంత్రం హారతి ఇచ్చేటప్పుడు ద్రవం బాగా చేరాక స్టీలు మూతతో మంట ఆర్పేసి, వెంటనే తీసి చూడండి. మైనం 60 డిగ్రీల ప్రాంతంలో గట్టిపడుతుంది, వేడి పళ్ళెం మీద చాలాసేపు ద్రవంగానే ఉంటుంది. కర్పూరం 177కే గట్టిపడాలి కాబట్టి మంట పోయిన క్షణమే తెల్లబడుతుంది. పెద్దవాళ్ళే చెయ్యండి, ఒక్క బిళ్ళ చాలు, పైన తెరలేవీ లేకుండా చూసుకోండి. హారతి కర్పూరం పిల్లలు నోట్లో పెట్టకుండా చూసుకోండి, విషం.

బైరాగిపట్టెడ_అమ్మ | ఆదివారం, రాత్రి 7:35

చేశాం. మూత తీసేసరికి ద్రవం లేదు! పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు, మధ్యలో మిగిలిన బిళ్ళని అతుక్కుని. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపే. రెండోసారి వాళ్ళ నాన్నే మూత పట్టుకున్నారు, "ఆగు, నేను చూడాలి" అని. మూత లోపలివైపు కూడా సన్నగా తెల్లటి పొర, గీకితే కర్పూరం వాసన. ఒక మూలన మసి.

పక్కనే కొవ్వొత్తి చుక్కలు నాలుగు వేసి పోల్చింది పాప. అవి పళ్ళెం చల్లారేదాకా కదులుతూనే ఉన్నాయి.

కాణిపాకం_కుర్రోడు | ఆదివారం, రాత్రి 7:41

సరే, ఒప్పుకున్నా. మా ఊరి దుకాణం మీద మాత్రం అనుమానం పోలేదు, రేపు మూత పరీక్ష పెడతా.

బైరాగిపట్టెడ_అమ్మ | గురువారం, రాత్రి 9:03

ఇది నేను కాదు, పాపని. అమ్మ ఫోన్.

సోమవారం అమ్మ రాలేదు, నేనే వెళ్ళాను. జవాబులో తప్పు నాదే అని ముందు చెప్పేసి, తర్వాత మూత సంగతి చెప్పాను. మిస్ ఏమీ అనలేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూముకి పిలిచి "తెచ్చావా?" అన్నారు. పళ్ళెం, మూత బ్యాగులోనే ఉన్నాయి. ఇద్దరం చూశాం. మిస్ మూడుసార్లు చేయించారు. ఒక మార్కు వేశారు, ఒకటి వెయ్యలేదు.

ఇంకొకటి. ఆదివారం పళ్ళెంలో మిగిలిన తెల్ల పలుకుల్ని కిటికీ దగ్గర అట్లాగే వదిలేశాను. ఇవాళ చూస్తే ఒక్కటి లేదు, మసి మరక మాత్రం ఉంది. కొవ్వొత్తి చుక్కలు నాలుగూ ఉన్నాయి.

చెరుకుతోట అంకుల్, మీ పెనంలో బుడగల చప్పుడు రికార్డు చేసి పెడతారా?

చెరుకుతోట_పూతలపట్టు | గురువారం, రాత్రి 9:20

ఫోనులో ఏం వినిపిస్తుంది పాపా, సంక్రాంతికి అమ్మానాన్నతో రా. చన్నీళ్ళలో ఉండ నువ్వే కడుదువు.